చంద్రగ్రహణాన్ని ఫొటో తీయడం ఎలా: మన డాబా మీద నుంచి, మన సముద్రం ఒడ్డు నుంచి

గ్రహణం కబురు పేపర్లో పడిందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే: "అన్నా, కంటికి అంత చక్కగా కనబడే చంద్రుడు ఫొటోలో తెల్ల బొట్టులా ఎందుకు పడతాడు?" టెక్కలి నుంచి ఒకరు, గజపతినగరం నుంచి ఒకరు, మొన్న రాజాంలో పెళ్లి భోజనాల దగ్గర చేతులు కడుక్కుంటూ ఇంకొకరు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెబితే వాళ్లకీ సరిపోవట్లేదు, నాకూ తృప్తిగా ఉండట్లేదు, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. ఒక మామూలు డీఎస్‌ఎల్‌ఆర్, దానితో పాటు వచ్చిన 55-250 గానీ 70-300 గానీ లెన్సు, అదీ లేకపోతే చేతిలో ఫోన్, ఇంతే ఉన్నవాళ్ల కోసం ఇది.

మొదటే చెప్పేస్తున్నాను, చంద్రగ్రహణం చూడటానికి కళ్లద్దాలేమీ అక్కర్లేదు, లెన్సుకు ఫిల్టరూ అక్కర్లేదు. ఆ జాగ్రత్తలన్నీ సూర్యగ్రహణానివి. సూర్యుడి కోసం కొన్న నల్ల ఫిల్టర్ తగిలిస్తే చంద్రుడు అసలు కనబడడు.

ముందు తేదీ, టైము చూసుకోండి

"సంపూర్ణ చంద్రగ్రహణం" అని టీవీలో చెప్పినంత మాత్రాన మన ఊళ్లో సంపూర్ణంగా కనబడుతుందని కాదు. 2022 నవంబరు 8న నేను ఎర్ర చంద్రుడు దొరుకుతాడని శ్రీకాకుళం జిల్లా తీరంలోని కళింగపట్నం పరిగెత్తాను. తీరా చూస్తే సంపూర్ణ దశ సాయంత్రం 5:11కే అయిపోయింది, మనకు చంద్రుడు ఉదయించేదే ఆ తర్వాత. 2026 మార్చి 3దీ అదే రకం, సంపూర్ణ దశ ముగిసేది సాయంత్రం 5:33కి, మనకు చంద్రోదయం 6 గంటలు కావస్తుండగా, ఇక 6:47 వరకు పాక్షికంగా మిగిలిన తోక మాత్రమే. అలాంటివి కూడా తీయొచ్చు, సముద్రంలోంచి కొరికిన అప్పంలా లేచే చంద్రుడు చాలా బాగుంటాడు, కానీ ఏది దొరుకుతుందో తెలిసి వెళ్లాలి.

టైముల కోసం ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు, ఇంట్లో పంచాంగం తీయండి. స్పర్శ అంటే నీడ అంచును తాకే క్షణం, సమ్మీలనం (కొన్నిటిలో నిమీలనం అని ఉంటుంది) అంటే చంద్రుడు పూర్తిగా నీడలో మునిగే క్షణం, మధ్యం సరే, ఉన్మీలనం అంటే వెలుగు మళ్లీ తొంగిచూసే క్షణం, మోక్షం అంటే నీడ వదిలేసే క్షణం. ఫొటోలు తీసేవాడికి కావలసిన ఐదు టైములూ ఇవే. ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పక్కనే మీ ఊరి చంద్రోదయం టైము కూడా రాయండి, అది మర్చిపోతే నా 2022 కథే మీదీ అవుతుంది.

మనకు మొదటి నుంచి చివరి దాకా కనబడే తర్వాతి సంపూర్ణ గ్రహణం 2028 డిసెంబరు 31 రాత్రి. నీడ దాదాపు 8:37కి మొదలై, 9:46 నుంచి 10:58 వరకు సంపూర్ణం, అర్ధరాత్రి దాటిన ఆరు నిమిషాలకు మోక్షం. అంటే కొత్త సంవత్సరం వచ్చేసరికి చంద్రుడు నీడలోంచి బయటపడుతూ ఉంటాడు. దానికి ముందు అదే ఏడాది జులై 6 రాత్రి పాక్షిక గ్రహణం ఉంది, కానీ అది వానాకాలం, మబ్బుల దయ.

కావలసినవి

కెమెరా, 200 మి.మీ. పైన ఉన్న లెన్సు, గట్టి ట్రైపాడ్. నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీలు రెండు. ఖాళీ మెమొరీ కార్డు. ఒక చిన్న టార్చి, దానికి ఎర్ర పాలిథిన్ కాగితం చుట్టండి, కళ్లు చీకటికి అలవాటుపడి ఉంటాయి. కరెంటు పనులకు వాడే నల్ల ఇన్సులేషన్ టేపు, ఇది మర్చిపోవద్దు, ఎందుకో కింద చెబుతాను. మెత్తని నూలు గుడ్డ. కూర్చోవడానికి ఒక స్టూలు, మొత్తం వ్యవహారం మూడు నాలుగు గంటలది.

లెన్సు ఎంత ఉంటే చంద్రుడు ఎంత పడతాడో ముందే లెక్కేసుకోవచ్చు. ఫోకల్ లెంత్‌ను (లెన్సు మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె) 110తో భాగిస్తే సెన్సార్ (కెమెరాలో బొమ్మ పడే చిప్) మీద చంద్రుడి బొమ్మ ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 250 మి.మీ. లెన్సుతో 2.3 మి.మీ. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సార్ ఎత్తు 15 మి.మీ. దాకా ఉంటుంది, అంటే ఫ్రేములో ఆరో వంతు. చిన్నగానే ఉంటుంది, కానీ క్రాప్ చేస్తే ఫోన్‌లో చూసుకోవడానికీ చిన్న ప్రింటుకీ సరిపోతుంది. నిరాశ పడకండి.

1. ముందు పున్నమికి ఒకసారి చేసి చూడండి

నన్నడిగితే ఇదే అన్నిటికన్నా పెద్ద పని, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. గ్రహణం ఏళ్లకొకసారి, పున్నమి నెలకొకసారి. గ్రహణానికి ముందు నెల పున్నమి రాత్రి అదే డాబా మీద, అదే ట్రైపాడ్‌తో, అదే లెన్సుతో అరగంట తీయండి. ఏ బటన్ ఎక్కడుందో చీకట్లో చేతికి తెలియాలి. గ్రహణం రాత్రి మెనూలో వెతుక్కుంటూ కూర్చుంటే సమ్మీలనం దాటిపోతుంది.

చంద్రుడు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తాడో కూడా ఆ రాత్రే కొంత తెలుస్తుంది, కొబ్బరిచెట్టు అడ్డమొస్తుందా, సెల్ టవర్ అడ్డమొస్తుందా అని. అయితే ఒక హెచ్చరిక: పున్నమి చంద్రుడి దారి నెలనెలా మారుతుంది. చలికాలంలో నడినెత్తికి వస్తాడు, వేసవిలో దక్షిణంగా కిందికి జరుగుతాడు. 2028 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు దాదాపు నెత్తి మీదకు వచ్చేస్తాడు, అప్పుడు చెట్ల అడ్డు ఉండదు గానీ మెడ పట్టేస్తుంది. ట్రైపాడ్ కాళ్లు కొంచెం పొడుగు చేసి, ఒక కాలు లెన్సు కిందకు వచ్చేలా తిప్పి పెట్టండి, లేకపోతే లెన్సు బరువుకు మొత్తం పడిపోతుంది.

2. చోటు

గ్రహణం పూర్తిగా పైన జరుగుతుంటే మీ ఇంటి డాబాకు మించిన చోటు లేదు. వీధి దీపం నేరుగా లెన్సులో పడకుండా వాటర్ ట్యాంకు చాటున నిలబడితే చాలు. ఒక్కటే చిక్కు: డాబా మీద ఎవరు నడిచినా ట్రైపాడ్ కదులుతుంది. పిల్లలు పరిగెడుతుంటే ఆ క్షణం తీయకండి, వాళ్లను తిట్టకండి కూడా, వాళ్లు చూడాలనే కదా మనం పైకి తెచ్చింది.

గ్రహణంతో ఉదయించే చంద్రుడైతే సముద్రం ఒడ్డుకే వెళ్లాలి, మన అదృష్టం కొద్దీ మనకు తూర్పంతా సముద్రమే. కళింగపట్నం, బారువ, విజయనగరం వైపు వాళ్లకు చింతపల్లి తీరం. ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన జాగ్రత్త ఉంది. చంద్రగ్రహణం పున్నమి నాడే వస్తుంది, పున్నమికి పోటు ఎక్కువ. పొడిగా ఉందని ఇసుకలో ట్రైపాడ్ పెట్టి చంద్రుణ్ణే చూస్తూ ఉంటే కాళ్ల కిందకు నీళ్లు వచ్చేస్తాయి. వెళ్లగానే అక్కడి మత్స్యకారులను అడగండి, "బాబూ, ఈ రోజు నీరు ఎంతవరకూ వస్తాది?" అని. వాళ్లు చెప్పినదానికి ఇంకో పది అడుగులు వెనక్కి పెట్టండి. ఒంటరిగా వెళ్లొద్దు.

గోపురంతోనో లైట్‌హౌస్‌తోనో కలిపి పెద్ద చంద్రుణ్ణి తీయాలంటే దగ్గర నుంచి కుదరదు, దూరం వెళ్లాలి. కట్టడం ఎత్తుకు 110 రెట్ల దూరంలో నిలబడితే కట్టడమూ చంద్రుడూ ఒకే సైజులో కనబడతాయి. 20 మీటర్ల గోపురమైతే 2.2 కిలోమీటర్లు. పొలం గట్ల మీద రాత్రి నడక కాబట్టి పగలే వెళ్లి చోటు చూసుకుని రండి, చెప్పుల బదులు బూట్లు వేసుకోండి.

3. సెట్టింగులు ఒక్కసారి పెట్టేసి ఇక ముట్టుకోకండి

డయల్ మాన్యువల్‌లో పెట్టండి. ఫొటోలు రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దకుండా ఉంచే ఫైలు) తీయండి, జేపెగ్ కూడా కావాలంటే రెండూ కలిపి. వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే సెట్టింగు) ఆటోలో ఉండకూడదు, ఎండ బొమ్మ ఉన్న డేలైట్‌లో పెట్టండి, లేకపోతే కెమెరా ఆ ఎరుపును "సరిచేసేసి" మట్టి రంగు చంద్రుణ్ణి ఇస్తుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని స్టెబిలైజర్ (చేతి అదురు తగ్గించేది) ఆపేయండి. ఫ్లాష్ ఆఫ్. రెండు సెకన్ల టైమర్ ఆన్, వేలితో నొక్కిన అదురు తగ్గాక షట్టర్ పడాలి. లెన్సు ముందు యూవీ గ్లాసు ఉంటే విప్పేయండి, చంద్రుడి పక్కన ఇంకో దెయ్యం చంద్రుడు కనబడేది దానివల్లే.

4. ఫోకస్

ఇక్కడే నేను ఒక గ్రహణం మొత్తం పోగొట్టుకున్నాను. 2018 జనవరి 31న సంపూర్ణ దశ సాయంత్రం 6:21 నుంచి 7:37 వరకు, తూర్పున మన కళ్లెదుటే. నేను ఆటోఫోకస్‌ను నమ్ముకున్నాను. వెలుగు ఉన్నంతసేపు బాగానే పట్టింది. చంద్రుడు ఎర్రబడి మసకేసేసరికి లెన్సు ముందుకీ వెనక్కీ గిర్రుగిర్రున తిరిగి ఎక్కడో ఆగింది, చిన్న స్క్రీన్ మీద నాకు బాగానే ఉన్నట్టు కనిపించింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెడితే సంపూర్ణ దశ ఫొటో ఒక్కటి కూడా పనికి రాలేదు, అన్నీ నీళ్లలో పడిన కుంకుమలా అలుక్కుపోయి ఉన్నాయి. ఆ రాత్రి అన్నం తినాలనిపించలేదు.

కాబట్టి స్పర్శకు ముందే, చంద్రుడు వెలిగిపోతున్నప్పుడే ఫోకస్ అయిపోవాలి. లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీదే చూసే పద్ధతి) ఆన్ చేసి, భూతద్దం బటన్‌తో పదిరెట్లు పెద్దది చేసి చంద్రుడి అంచును స్క్రీన్ మధ్యకు తెచ్చుకోండి. అంచు సన్నగా వణుకుతూ ఉంటుంది, అది గాలి వల్ల, కెమెరా తప్పు కాదు. ఫోకస్ రింగును మెల్లగా తిప్పండి. అంచు పదునెక్కుతూ పోయి, ఒక చోట దాటాక మళ్లీ మెత్తబడుతుంది. ఆ దాటడం చూశాకే వెనక్కి రండి, దాటకుండా ఆగితే అసలు పదును ఎక్కడో మీకు తెలియదు. కుదిరాక లెన్సు మీది స్విచ్ మాన్యువల్‌కు మార్చి, వేలెడు టేపు ముక్క చింపి రింగుకూ లెన్సు ఒంటికీ కలిపి అంటించండి. జూమ్ రింగుకు ఇంకో ముక్క, లెన్సు పైకి చూస్తుంటే దాని బరువుకు అదే కిందకు జారుతుంది. కొన్ని లెన్సులకు ఫోకస్ రింగు తిప్పినా ఎక్కడా ఆగదు, అలాంటివాటికి స్విచ్ మార్చాక రింగు అసలు తగలకుండా చూసుకోవడమే మార్గం.

గంటకోసారి మళ్లీ చూసుకోండి. రాత్రి చల్లబడేకొద్దీ ఫోకస్ కొద్దిగా జరుగుతుంది. సంపూర్ణ దశలో చంద్రుడి అంచు దొరక్కపోతే పక్కన ఉన్న ఏదైనా చుక్క మీద చూడండి, చుక్క ఎంత చిన్నదిగా కనబడితే అంత సరిగ్గా ఉన్నట్టు.

5. ఏ దశకు ఎంత వెలుగు

తెల్ల బొట్టు ఎందుకొస్తుందంటే, ఆకాశమంతా నల్లగా ఉంది కదా అని కెమెరా వెలుగు పెంచేస్తుంది. కానీ చంద్రుడు ఎండలో ఉన్న రాయి. పగటి ఫొటోకు పెట్టినట్టే పెట్టాలి. అదే చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్లాక వేల రెట్లు మసకబడతాడు, అప్పుడు అంతా తిరగేయాలి. ఈ అంకెలతో మొదలుపెట్టండి (ఐఎస్‌ఓ అంటే కెమెరా వెలుగును ఎంత పెంచుతుందో, ఎఫ్ అంకె అంటే లెన్సు ఎంత తెరుచుకుంటుందో, అది తగ్గితే ఎక్కువ తెరుచుకున్నట్టు, సెకన్లు అంటే షట్టర్ తెరిచి ఉండేసేపు):

నిండు చంద్రుడు: ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, 1/250 సెకను.
సగం నీడ పడ్డాక: అదే ఐఎస్‌ఓ, అదే ఎఫ్/8, 1/125.
సన్న నెలవంకంత వెలుగు మిగిలినప్పుడు: ఐఎస్‌ఓ 400, ఎఫ్/8, 1/60.
సంపూర్ణం: ఐఎస్‌ఓ 1600, లెన్సు ఎంత తెరుచుకుంటే అంత (మామూలుగా ఎఫ్/5.6), అర సెకను నుంచి ఒక సెకను.
ఉన్మీలనం తర్వాత ఇవే అంకెలు కింద నుంచి పైకి.

ఇవి మొదలు మాత్రమే. చంద్రుడు సముద్రం మీద కిందుగా ఉంటే తేమకూ దుమ్ముకూ ఇంకా మసకగా ఉంటాడు, నాలుగు రెట్ల వరకు టైము పెంచాల్సి రావచ్చు. ఒక్కో గ్రహణం ఒక్కో ఎరుపు, ఒకటి రాగి చెంబులా ఉంటుంది, ఇంకొకటి కాలిన ఇటుకలా. అందుకే ప్రతి సెట్టింగుకూ వెలుగు కొంచెం ఎక్కువగా ఒకటి, తక్కువగా ఒకటి, మొత్తం మూడు తీయండి.

సంపూర్ణ దశలో ఒక సెకను దాటి వెళ్లొద్దు. చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత దూరం జరుగుతాడు, 250 మి.మీ. లెన్సుతో రెండు మూడు సెకన్లు తెరిచి ఉంచితే అంచు అలుక్కుపోతుంది. ఇంకా చీకటిగా ఉంటే ఐఎస్‌ఓ 3200కి పెంచండి, గరుకు వస్తే రానివ్వండి. గరుకు తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, అలుక్కుపోయిన చంద్రుణ్ణి పదునుగా చేయలేరు. నాలుగైదు నిమిషాలకోసారి ఫ్రేము మధ్యకు తెచ్చుకుంటూ ఉండండి.

సమ్మీలనానికి ముందు రెండు నిమిషాలు, ఉన్మీలనం తర్వాత రెండు నిమిషాలు కెమెరా వదలొద్దు. ఒక అంచు తెల్లగా, మిగతాది ఎర్రగా, ఆ రెండిటి మధ్య సన్నటి నీలి చార ఉంటుంది. అది కంటికి సరిగా కనబడదు, ఫొటోలోనే దొరుకుతుంది.

సంపూర్ణ దశ మధ్యలో మాత్రం ఐదు నిమిషాలు కెమెరా వదిలేసి తల ఎత్తి చూడండి. ఇంట్లోవాళ్లను పిలవండి. మా అమ్మ గ్రహణమంటే గడప దాటేది కాదు, పట్టు స్నానం, విడుపు స్నానం, పచ్చడి జాడీల మీద దర్భలు. ఆమె పద్ధతి ఆమెది, నేనెప్పుడూ వాదించలేదు. 2025 సెప్టెంబరు 7 రాత్రి కెమెరాను లోపలికి తెచ్చి స్క్రీన్ చూపించాను. "ఓలమ్మ, ఇదేటిరా, నిప్పు కణికలాగున్నాది" అంది. కాసేపటికి తనే మెట్ల దాకా వచ్చి నిలబడింది.

6. ఫోన్ మాత్రమే ఉంటే

నిండు చంద్రుడప్పుడు: ఫోన్‌ను దేనికైనా ఆనించి, టెలి లెన్సు ఉంటే దానికి మార్చి, చంద్రుడి మీద వేలితో నొక్కి పట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందకు లాగండి, చంద్రుడి మీద మచ్చలు కనబడేవరకు. సంపూర్ణ దశకు ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 800, అర సెకను, ఫోన్ స్టాండ్ తప్పనిసరి. ఇంట్లో బైనాక్యులర్స్ ఉంటే దాన్ని స్టాండుకు కట్టి ఒక కంటి గొట్టానికి ఫోన్ కెమెరా ఆనించండి, ఓపిక పడితే బొమ్మ చాలా పెద్దగా వస్తుంది.

కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి తమంతట తామే మచ్చలు దిద్దేస్తాయి. సీన్ గుర్తింపు, ఏఐ లాంటివి ఆపేసి తీయండి. నీడను నీడలాగే ఉంచిన మసక ఫొటో మీది, దిద్దిన ఫొటో ఫోన్‌ది.

ఫోన్‌తో నిజంగా బాగా వచ్చేది పెద్ద చంద్రుడు కాదు, చోటు: డాబా మీద నిలబడ్డ మనుషుల ఆకారాలు, పైన చిన్న ఎర్ర చుక్క. అది ప్రయత్నించండి.

7. వరుస ఫొటో కావాలంటే

చంద్రుడు ఆకాశంలో పూసల దండలా కనిపించే ఫొటోకు 18 మి.మీ. లాంటి వెడల్పు లెన్సు పెట్టి, ట్రైపాడ్ అస్సలు కదపకుండా, సరిగ్గా పది నిమిషాలకు ఒకటి తీయాలి. పది నిమిషాలకు చంద్రుడు తన వెడల్పుకు ఐదింతలు జరుగుతాడు, పూసల మధ్య ఖాళీ చక్కగా ఉంటుంది. ఒకటి తప్పిందా దండ తెగినట్టే, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఒకే కెమెరాతో ఇదీ, పెద్ద చంద్రుడూ రెండూ కుదరవు. ఒకటి ఎంచుకోండి.

8. తీస్తూ తీస్తూ సరిచూసుకోండి

ఇంటికెళ్లాక చూసుకుంటాను అనుకోవద్దు. దశ మారిన ప్రతిసారీ ఒక ఫొటో తెరిచి పూర్తిగా పెద్దది చేసి మూడు చూడండి. అంచు పదునుగా ఉందా? లేకపోతే ఫోకస్. అంచు ఒకవైపు పదును, ఇంకోవైపు రెండు గీతలుగా ఉందా? కదిలింది, టైమర్ పనిచేస్తోందో లేదో, గాలి కొడుతోందేమో చూడండి, ట్రైపాడ్ మధ్యకొమ్ముకు ఇసుక నింపిన సంచి వేలాడదీయండి. వెలుగు వైపు టైకో అనే గొయ్యి నుంచి చారలు సూర్యకిరణాల్లా ఉంటాయి, అవి తెల్లగా కలిసిపోయాయా? అయితే వెలుగు ఎక్కువైంది.

అన్నీ సరిగ్గా ఉండి కూడా ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టు ఉన్నాయంటే లెన్సు ముందు అద్దం చూడండి. టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే చెమ్మ సన్నటి ముత్యాల్లా మెరుస్తుంది. మన తీరంలో ఇది తప్పదు, ఏసీ గదిలోంచి కెమెరా తెస్తే ఇంకా ఎక్కువ, డిసెంబరు రాత్రి మంచు సరేసరి. కెమెరాను సంచిలోనే ఉంచి అరగంట ముందు బయట పెట్టండి. లెన్సుకు హుడ్ తగిలించండి, లేకపోతే నల్ల అట్టను గొట్టంలా చుట్టి టేపు వేయండి. నోటితో ఊదకండి, చెమ్మ పెరుగుతుంది. గుడ్డతో అద్దితే చాలు, ఫోకస్ రింగు కదలకుండా.

9. తర్వాత

రా ఫైలు తెరిచి ముందు క్రాప్ చేయండి, గరుకు కొద్దిగా తగ్గించండి, అంతే. రంగు పెంచే స్లైడర్ జోలికి వెళ్లొద్దు. చాలామంది చంద్రుణ్ణి టమాటాలా చేసి పంపుతారు, పక్కన అసలు ఫైలు పెట్టి చూస్తే అసలుదే అందంగా ఉంటుంది. ఎరుపు చంద్రుడంతటా ఒకేలా ఉండదు, నీడ అంచు వైపు నారింజ, నడుమకు ముదురు. ఆ తేడా మీ ఫొటోలో మిగిలి ఉంటే సరిగ్గా చేసినట్టు, ఒకే రంగు పూసినట్టుంటే వెనక్కి వెళ్లండి.

ఒడ్డు నుంచి వచ్చినవాళ్లు ఎంత నిద్రొస్తున్నా ఒక పని చేసి పడుకోండి. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా ఒళ్లు, లెన్సు బయటి భాగం తుడవండి, ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్లతో కడిగి తెరిచి ఆరబెట్టండి. ఉప్పు గాలి తెల్లారేసరికి మరలు పట్టేస్తుంది. టేపు ముక్కలు కూడా అప్పుడే పీకేయండి, నాలుగు రోజులు ఉంటే జిగురు రింగుకు అంటుకుపోతుంది.